దానవాయిపేట కప్‌కేకుల షాపు: క్రీము పక్కకి తీసి చూస్తే

దానవాయిపేట పార్కుకి దగ్గర్లో ఈ ఉగాదికి కప్‌కేకుల షాపు ఒకటి తెరిచారు. కేకులు, ఎగ్ పఫ్‌లు, కూల్‌డ్రింకులు, చిప్స్ ప్యాకెట్లు అన్నీ కలిపి అమ్మే మామూలు బేకరీ కాదు, అచ్చంగా కప్‌కేకులే. మా స్టాఫ్‌రూంలో దీని మీద పెద్ద చర్చే జరిగింది. "ఒక్క కప్‌కేకు పెట్టుకుని రాజమండ్రిలో షాపు నిలబడుతుందా?" అని తెలుగు మేడమ్ అంటే, "ఒక్క రోజ్‌మిల్క్‌తో పేరు తెచ్చుకున్న ఊరండీ ఇది, ఎందుకు నిలబడదు?" అని సోషల్ మాస్టారు కొట్టిపారేశారు.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఇంట్లో ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్ ఉంది, పుట్టినరోజులకీ కొత్త సంవత్సరానికీ కేకులు చేసి స్కూలుకి పట్టుకెళ్తుంటాను. అందుకని "మీరు వెళ్ళి తినొచ్చి చెప్పండి మేడమ్" అని ఆ పని నాకు తగిలించారు. వెళ్ళాను. ఆ తర్వాత ఎవరూ పంపకుండానే మళ్ళీ వెళ్ళాను, ఒకసారి మా అమ్మాయితో, ఒకసారి మా అత్తయ్యగారితో. మార్చిలో తిన్నదానికీ మే నెలలో తిన్నదానికీ చాలా తేడా కనిపించింది, అది కూడా చెబుతాను.

షాపు పేరు మాత్రం రాయట్లేదు. మంచితో పాటు లోపాలు కూడా రాస్తున్నాను కదా, పెట్టి ఇంకా ఎన్నాళ్ళో కాలేదు. దానవాయిపేటలో ఉండేవాళ్ళకి ఎలాగూ తెలిసిపోతుంది.

ఇంటి ముందు గదినే షాపుగా మార్చుకున్నారు. అద్దాల కౌంటరు, నాలుగు టేబుళ్ళు, ఒక ఏసీ. ఓవెన్ వెనక గదిలో ఉంది, తలుపు తెరిచినప్పుడల్లా వెన్న వాసన బయటికొస్తుంది. కేకులు చేసేది ఆ ఇంటి అమ్మాయి. ఇదివరకు ఇంట్లోంచే ఇన్‌స్టాగ్రామ్‌లో ఆర్డర్లు తీసుకునేదట. క్యాష్ దగ్గర కూర్చునేది వాళ్ళ నాన్నగారు, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆ సంగతి ఆయన చెప్పనక్కర్లేదు. సాయంత్రం పిల్లలూ తల్లులూ గుమ్మం దగ్గరే గుంపుగా నిలబడిపోతే, "లోపలికి జరగండమ్మా, లోపలంతా ఖాళీయే" అంటారు. నోట్లు వేళ్ళ మధ్య నిలువుగా మడిచి పెట్టుకుంటారు. మనం ఐదొందల నోటు తీసేలోపే చిల్లర లెక్కపెట్టి సిద్ధంగా ఉంటుంది. ఫోన్‌పే చేస్తే మాత్రం ఆ స్పీకరు డబ్బా మాట్లాడేదాకా నమ్మరు.

కప్‌కేకు మనకేమీ కొత్త కాదు. చిన్న కప్పుల్లో కాల్చే కేకు 1796లో అచ్చయిన అమెరికన్ వంట పుస్తకంలోనే ఉంది. మన ఊళ్ళ బేకరీల్లోనూ గాజు సీసాల్లో ఎప్పట్నుంచో ఉన్నాయి. కాయితం గిన్నెలో పసుప్పచ్చగా, పైన ఒక టూటీఫ్రూటీ ముక్కతో, టీలో ముంచుకుని తినేవి. కిరాణా కొట్లో ప్లాస్టిక్ కవర్లో కట్టి వేలాడదీసినవి ఇప్పుడూ దొరుకుతాయి. మనకి కొత్తగా వచ్చింది పైనున్న క్రీము. న్యూయార్కులో 1996లో మొదలైన మాగ్నోలియా బేకరీ లాంటివాళ్ళు క్రీము గుట్టలుగా పెట్టి దాన్నొక ఫ్యాషన్ చేశారు. వాళ్ళు 2019లో బెంగళూరుకీ, తర్వాత హైదరాబాదుకీ వచ్చారు. ఆ గాలి ఇప్పుడు గోదావరి గట్టుకి తగిలింది.

చిక్కల్లా ఏమిటంటే, ఆ క్రీము చాలా తప్పుల్ని కప్పేస్తుంది. కింద కేకు ఎండిపోయినా, పిండి ముద్దలా ఉన్నా, పైన రంగురంగుల పువ్వు వేసి ఒక ముత్యం గుచ్చితే ఫోటోలో అద్భుతంగా ఉంటుంది. పైన పటారం, లోన లొటారం. చిన్నపిల్లలేమో క్రీము నాకేసి కేకు తల్లుల చేతిలో పెట్టేస్తారు, దాంతో ఆ లొటారం ఎవరికీ తెలియదు. అందుకని నేను కప్‌కేకు ఎక్కడ తిన్నా ముందు చెంచాతో క్రీము పక్కకి తీసేస్తాను. మా అమ్మాయికి ఇది మహా సిగ్గు. "అమ్మా, అందరూ చూస్తున్నారు" అంటుంది. చూడనీ. డెబ్భై రూపాయలు నావి.

ముందు వెనిల్లా తీసుకున్నాను. ఏ షాపులోనైనా మొదట తినాల్సింది అదే, ఎందుకంటే అందులో దాచడానికి ఏమీ ఉండదు. క్రీము తీశాక కేకు పైభాగం కొంచెమే ఉబ్బి, నున్నగా, పగులు లేకుండా ఉంది. ఓవెన్ మరీ వేడిగా ఉంటే అంచులు ముందే గట్టిపడి, మధ్యలో ఉన్న పిండి పైకి తన్నుకొచ్చి నడినెత్తిన పగులుతుంది. ఇక్కడ అలా లేదంటే ఓవెన్ వేడి అదుపులో ఉందన్నమాట. కాయితం లాగితే కేకుని పట్టుకు రాకుండా శుభ్రంగా ఊడొచ్చింది, వేళ్ళకి నూనె అంటలేదు. నిలువుగా రెండు ముక్కలు చేశాను. లోపల సన్నటి రంధ్రాలు, అన్నీ ఒకే తీరుగా. పిండి కలిపేటప్పుడు అదే పనిగా గిలక్కొడితే మైదాలో గ్లూటెన్ అనే జిగురు సాగి, కింద నుంచి పైకి పొడవాటి సొరంగాలు పడతాయి. ఒక్కటి కూడా లేదు. ఈ అమ్మాయికి ఎక్కడ ఆపాలో తెలుసు.

రుచి కూడా అంతే నిదానంగా ఉంది. కేకులో తీపి తగ్గించింది, పైన క్రీము ఎలాగూ తియ్యగా ఉంటుంది కాబట్టి. గుడ్డు నీచు లేదు. ఒకటి ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు పొద్దున్న తిన్నాను, ఇంకా మెత్తగానే ఉంది. అచ్చంగా వెన్నతోనే చేసిన కేకు ఫ్రిజ్‌లో గట్టిపడుతుంది. తర్వాత వెళ్ళినప్పుడు అడిగితే, సగం వెన్న, సగం సన్‌ఫ్లవర్ ఆయిల్ అని చెప్పింది. తెలివైన పని. వెన్న వాసనా ఉంటుంది, మెత్తదనమూ ఉంటుంది.

చాక్లెట్ దగ్గరికొచ్చేసరికి నా ఉత్సాహం సగం చల్లబడింది. కింద కేకుకి వంక పెట్టడానికి లేదు, కోకో బాగానే పట్టించింది. పైన పోసిన చాక్లెట్ మాత్రం నోట్లో కరగలేదు, అంగిటికి మైనంలా పట్టుకుంది. కాంపౌండ్ అన్నమాట. అసలు చాక్లెట్‌లో కోకో బటర్ ఉంటుంది, అది మన ఒంటి వేడికి కాస్త తక్కువలోనే కరుగుతుంది. నాలుక మీద పెట్టగానే జారిపోయేది అందుకే. కాంపౌండ్‌లో దాని బదులు వేరే నూనెల కొవ్వు వాడతారు. చవక, పైగా ఎండకి తట్టుకుంటుంది, చాక్లెట్‌ని లెక్క ప్రకారం కరిగించి చల్లార్చే టెంపరింగ్ అనే తలనొప్పి ఉండదు. షాపువాళ్ళ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ బోర్డు మీద "బెల్జియన్ చాక్లెట్" అని రాసి తొంభై రూపాయలు తీసుకుంటే అది పెట్టాలి కదా.

అసలు మనకి బెల్జియం గొడవ ఎందుకు? గోదావరి బ్రిడ్జి దాటి అవతలికి వెళ్తే పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల్లో కొబ్బరి తోటల్లోనూ ఆయిల్ పామ్ తోటల్లోనూ చెట్ల మధ్య కోకో వేస్తున్నారు. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన రాష్ట్రంలోనే. ఆ గింజలతోనే హైదరాబాదులో "మనం చాక్లెట్" అనే కంపెనీ వాళ్ళు చాక్లెట్లు చేస్తున్నారు, 2024లో టైమ్ పత్రిక ప్రపంచంలో చూడదగ్గ చోట్ల జాబితాలో వాళ్ళ షాపుని కూడా వేసింది. నది ఇవతల ఒడ్డున కూర్చుని మనం బెల్జియం పేరు చెప్పుకుని కాంపౌండ్ తినడం నాకు నచ్చలేదు. ఆ మాటే కేకులు చేసే అమ్మాయితో అన్నాను. "ఆ చాక్లెట్‌తో చేస్తే నూట ఇరవై పెట్టాలి ఆంటీ, ఇక్కడ ఎవరు కొంటారు?" అంది. వారానికి ఒక్క శనివారం చేసి చూడమన్నాను. నవ్వి ఊరుకుంది.

ఇక ఎండల సంగతి. మార్చిలో తిన్నప్పుడు క్రీము లేత పసుపు రంగులో ఉంది, తినగానే ముందు వెన్న, ఆ తర్వాతే తీపి తెలిసింది. అది నిఖార్సైన బటర్‌క్రీమ్, వెన్నలో ఐసింగ్ షుగర్ కొట్టి చేసింది. మే నెలలో వెళ్ళేసరికి అదే వెనిల్లా మీద క్రీము మల్లెపువ్వు తెలుపులో మెరుస్తోంది, అంచులు కత్తితో కోసినంత పదునుగా ఉన్నాయి. నోట్లో పెడితే తేలిగ్గా, చల్లగా ఉంది కానీ వెన్న జాడ లేదు. మింగాక కూడా నాలుక మీద పల్చటి జిడ్డు మిగిలింది. బేకరీ వాళ్ళంతా వాడే విప్పింగ్ క్రీమ్ అది. పాలతో సంబంధం చాలా తక్కువ, ఎక్కువగా పామ్ కెర్నెల్ ఆయిల్ కొవ్వుతో చేస్తారు.

కారణం ఊహించడం కష్టమేమీ కాదు. పాలకొవ్వు 32 నుంచి 35 డిగ్రీలకి కరిగిపోతుంది. రోహిణి కార్తెలో మన ఊళ్ళో నీడలోనే అంతకంటే బాగా ఎక్కువ ఉంటుంది. ఏసీలో ఉన్నంతసేపు పువ్వులా నిలబడ్డ బటర్‌క్రీమ్, గుమ్మం దాటగానే నీరుగారిపోతుంది. మార్చి చివర్లోనే నేను ఆరు కప్‌కేకులు స్కూటీ మీద తెచ్చుకుంటే ఇంటికొచ్చి పెట్టె తెరిచేసరికి రెండింటి క్రీము పక్కకి వాలి పెట్టె గోడకి ఆనుకుంది. అమ్మాయిని అడిగాను. ఏమీ దాచకుండా చెప్పింది: "డెలివరీకి పంపిస్తే మోరంపూడి వెళ్ళేలోపే జారిపోతోంది ఆంటీ. రోజూ ఇద్దరు ముగ్గురు ఫోటోలు పెట్టి తిడుతున్నారు. వానలు పడ్డాక మళ్ళీ వెన్నకే వస్తాను."

ఆ మాట న్యాయంగానే ఉంది. ఆ విప్పింగ్ క్రీమ్ విషమేమీ కాదు. కొవ్వుల్లో గుండెకి చెడు చేసే ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతం మించకూడదని 2022 జనవరి నుంచి రూలు కూడా ఉంది. నా అభ్యంతరం వేరే. బోర్డు మీద ఇప్పటికీ "ప్యూర్ బటర్‌క్రీమ్" అనే ఉంది, ధర కూడా పైసా తగ్గలేదు. వెన్న ఖరీదెక్కడ, ఈ క్రీము ఖరీదెక్కడ? "వేసవిలో విప్పింగ్ క్రీమ్" అని ఒక కాయితం ముక్క అతికిస్తే సరిపోయేది. చెప్పి వచ్చాను, ఆ తర్వాత వెళ్ళినప్పుడు కూడా బోర్డు అలాగే ఉంది.

చెప్పగానే దిద్దుకున్న సంగతి ఒకటుంది. అది ఎగ్‌లెస్ గురించి. మా అత్తయ్యగారు గుడ్డు ముట్టరు. అనపర్తి కోళ్ళఫారాలు కూతవేటు దూరంలో ఉన్న ఊళ్ళో ఎగ్‌లెస్ కోసం వెతుక్కోవడం మా ఆయనకి వింతగా ఉంటుంది కానీ, మంగళవారాలూ శనివారాలూ కార్తీకమాసం లెక్కేస్తే ఈ ఊళ్ళో ఎగ్‌లెస్ అమ్మకుండా ఏ కేకుల షాపూ నడవదు. ఇక్కడ ఎగ్‌లెస్‌వి విడిగా పై అరలో పెట్టి ఆకుపచ్చ చుక్క అంటించారు. కింది అరకి గోధుమరంగు త్రికోణం. అంతా పద్ధతిగానే ఉంది. కానీ క్యాష్ దగ్గరుండే పెద్దాయన కింది అరలోంచి రెడ్ వెల్వెట్ తీసిన పట్టకారుతోనే పై అరలోది తియ్యబోయారు. అత్తయ్యగారి కళ్ళు ఇలాంటివి వదలవు. "బాబూ, ఆ పట్టకారు ఎంగిలయింది కదా" అన్నారు. ఆయన ఒక్క క్షణం ఆగి, లోపలికి వెళ్ళి ఒక స్టీలు గరిటె కడిగి తెచ్చి దాంతో తీసిచ్చారు. తర్వాత వెళ్ళేసరికి రెండో పట్టకారు వచ్చింది, పిడికి ఆకుపచ్చ టేపు చుట్టి ఉంది. "మీ అత్తగారి పట్టకారమ్మా ఇది" అని చూపించారు.

ఆ ఎగ్‌లెస్ కేకు ఎలా ఉందంటే, పొద్దున్నది ఒకలా, సాయంత్రానిది ఒకలా ఉంది. పొద్దున్న పదకొండు ప్రాంతంలో తీసుకున్నది మెత్తగా, తేలిగ్గా ఉంది. సాయంత్రం ఏడింటికి తీసుకున్నది అడుగున అర అంగుళం మందాన బంక బంకగా, సాంద్రంగా దిగబడిపోయి ఉంది. మామూలు గుడ్డు కేకుల్లో ఈ తేడా లేదు. నాకు వెంటనే అనుమానం వచ్చింది. ఎగ్‌లెస్ పిండిని పైకి లేపేది పెరుగులోని పులుపూ వంటసోడా కలిసి పుట్టించే కార్బన్ డయాక్సైడ్ గ్యాసు. గుడ్డు ఉంటే ఆ నురగని కొంత పట్టి ఉంచుతుంది. లేనప్పుడు పిండి కలిపిన వెంటనే ఓవెన్‌లో పెట్టాలి, లేకపోతే గ్యాసంతా బుడగలుగా పైకొచ్చి పోతుంది, ఆ తర్వాత ఎంతసేపు కాల్చినా లేవదు. "పిండి ఒకేసారి కలిపి రెండు వాయిలు పెడుతున్నావా?" అని అడిగాను. అవునంది. మొదటి వాయి కాలినంతసేపు రెండో వాయి పిండి బల్ల మీద కూర్చుంటోంది. సాయంత్రానికి మిగిలేవి ఆ రెండో వాయివే. పొడి సామాన్లు కలిపి పక్కన పెట్టుకుని, పెరుగూ పాలూ మాత్రం వాయికి వాయి విడిగా కలుపుకోమని చెప్పాను. పదో తరగతి పాఠం చెప్పినంత హాయిగా అనిపించింది, పైగా మా తరగతి పిల్లల కంటే శ్రద్ధగా విన్నది. పాటిస్తోందో లేదో ఈసారి సాయంత్రం వెళ్ళి చూడాలి.

రాజమండ్రిలో షాపు పెట్టాక రోజ్‌మిల్క్ పేరు వాడుకోకుండా ఎవరూ ఉండలేరు. ఇక్కడా రోజ్‌మిల్క్ కప్‌కేకు ఉంది, ఎనభై రూపాయలు, అందరూ ఫోటో తీసుకునేది దాన్నే. గులాబీ రంగు క్రీము, పైన ఎండు గులాబీ రేకు. మధ్యలో గుంట తీసి కోవా పెట్టారు. ఆ కోవా చాలా బాగుంది, ఇసుకలా లేకుండా ఇంకా తడి తడిగా, పాల వాసనతో. కానీ క్రీములో గులాబీ ఎసెన్స్ ఎక్కువై ముక్కుకెక్కింది, కోవా దాకా వెళ్ళేలోపే రుచంతా అదే ఆక్రమించేసింది. మన రోజ్‌మిల్క్‌లో గొప్పదనం గులాబీది కాదు, చిక్కటి చల్లటి పాలది. గులాబీ అక్కడ ఒక పలకరింపు మాత్రమే. ఎసెన్స్ సగానికి సగం తగ్గిస్తే ఈ కప్‌కేకు ఊరికి గుర్తుగా నిలబడుతుంది. మా అమ్మాయి మాత్రం ఇదే బెస్ట్ అంటోంది, ఆ మాట కూడా రాయమంది, రాశాను.

రెడ్ వెల్వెట్ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఎరుపు ఎక్కువ, కోకో తక్కువ. క్రీమ్ చీజ్ అన్నారు కానీ పులుపు పెద్దగా తెలియలేదు. బటర్‌స్కాచ్‌ది పంటికింద కరకరలాడే పలుకులతో పిల్లలకి నచ్చుతుంది. బ్లూబెర్రీది సీసాలోని జామ్. ఓరియో బిస్కట్టు గుచ్చినదాన్ని కొనేబదులు ఓరియో ప్యాకెట్టే కొనుక్కోవచ్చు.

ఈ షాపుకి నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళడానికి అసలు కారణం వీటిలో ఏదీ కాదు. కౌంటర్లో ఒక మూల, క్రీము లేకుండా, గోధుమ రంగులో, చూడ్డానికి ఏ ఆర్భాటమూ లేని కప్‌కేకులు కొన్ని ఉంటాయి. పేరు కూడా చేత్తో రాసి పెట్టారు: కొబ్బరి లౌజు కప్‌కేకు, అరవై రూపాయలు. మొదట్లో నేనూ దాన్ని దాటి వెళ్ళిపోయాను, అడిగితే పెద్దాయనే "అది మా ఆవిడదండి, ఒకటి తిని చూడండి" అన్నారు. పైన మామూలు కేకే. మధ్యలో కొబ్బరి, బెల్లం, ఏలకులు వేసి చేసిన లౌజు నిమ్మకాయంత ఉంటుంది. ఓవెన్‌లో కాలేటప్పుడు ఆ బెల్లం కొంచెం కరిగి చుట్టూ ఉన్న కేకులోకి ఇంకుతుంది. దాంతో లౌజుకీ కేకుకీ మధ్య ఒక ముదురు గోధుమ రంగు పొర ఏర్పడుతుంది. కాస్త సాగుతూ, కాస్త పాకం వాసనతో, ఆ పొరే దాని ప్రాణం. కొబ్బరి కోరు కూడా మిక్సీలో వేసి పిప్పి చెయ్యలేదు, కోరాముతో తీసిన కోరు పంటికి తగులుతూ ఉంటుంది. కాయలు అంబాజీపేట నుంచి తెలిసినవాళ్ళు పంపుతారట. లౌజు చేసేది వాళ్ళమ్మగారే, పొద్దున్నే ఇంటి పొయ్యి మీద.

ఎండకి కరిగేది లేదు, వాలేది లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు. ఎగ్‌లెస్‌లోనూ చేస్తారు, బెల్లం తడి వల్ల కాబోలు సాయంత్రానికి కూడా అది బంకగా అనిపించలేదు. అత్తయ్యగారు ఒకటి తిని, ఏమీ అనకుండా, ఇంకోటి కాయితంలో చుట్టించుకున్నారు. మా ఇంట్లో దాన్ని మించిన సర్టిఫికెట్ లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో వాళ్ళ పేజీ అంతా చూశాను, దీని ఫోటో ఒక్కటి కూడా లేదు. "ఫోటోలో ఏమీ కనపడదు ఆంటీ, డల్‌గా ఉంటుంది" అంది అమ్మాయి. నిలువుగా కోసి ఆ లోపలి పొర చూపిస్తూ ఫోటో తియ్యమన్నాను.

ధరల విషయానికొస్తే లౌజుది అరవై, వెనిల్లా డెబ్భై, చాక్లెట్, రెడ్ వెల్వెట్ తొంభై, మిగతావి ఆ మధ్యలో. మన ఊరికి ఇవి తక్కువేమీ కాదు. కేకుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, ఆ తగ్గింపు ఏ బేకరీ బోర్డు మీదా నాకైతే కనపడలేదు. ఈ షాపు ఆ తర్వాత పుట్టింది కాబట్టి వీళ్ళని అడగడానికి లేదు. వెనిల్లా యాభై పెడితే రోజూ సాయంత్రం స్కూలు పిల్లలు క్యూ కడతారని నా లెక్క. ఆరు తీసుకుంటే పదిశాతం తగ్గిస్తారు. పెట్టె మాత్రం మార్చాలి. ఇప్పుడు ఇస్తున్నది ఉత్త అట్టపెట్టె, కప్‌కేకులు అందులో జారుతూ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. గుండ్రటి కన్నాలున్న అట్ట లోపల పెడితే ఒక్కోటీ తన చోట తను కూర్చుంటుంది, అంత ఖరీదు కూడా కాదు.

కాఫీ తాగకండి, మెషీన్‌లోది. పాటలు కొంచెం గట్టిగా పెడతారు, తగ్గించమంటే తగ్గిస్తారు. టేబుళ్ళు శుభ్రంగా ఉంటాయి, మంచినీళ్ళు అడక్కుండానే తెచ్చి పెడతారు. చెయ్యి కడుక్కోవడానికి సింక్ ఉంది కానీ అది ఇంటి వసారాలో ఉంది, వాళ్ళింటి బట్టలు ఆరేసిన తీగ కింద నుంచి వెళ్ళాలి. నాకు అది ఇబ్బంది అనిపించలేదు, మా అమ్మాయికి అనిపించింది.

వెళ్ళేవాళ్ళు పొద్దున పదకొండూ పన్నెండు మధ్య వెళ్తే అన్నీ తాజాగా దొరుకుతాయి. ఆదివారం సాయంత్రం వద్దు, నిలబడ్డానికి కూడా చోటుండదు. కారులో వెళ్తే పార్కు పక్కన ఆపుకుని నడవడమే, షాపు ముందు రెండు స్కూటర్లు పెడితే రోడ్డు నిండిపోతుంది. మొదటిసారి వెళ్తే ఒక వెనిల్లా, ఒక లౌజు తీసుకోండి. వానలు మొదలై వెన్న తిరిగొచ్చాక రోజ్‌మిల్క్ చూడొచ్చు. లౌజువి ఎక్కువ కావాలంటే ముందురోజే ఫోన్ చేసి చెప్పాలి, ఆవిడ రోజుకి ఒక్క గిన్నెడే చేస్తారు, అయిపోతే అంతే. ఫోన్ పెద్దాయనే ఎత్తుతారు. పేరు, ఎన్ని, ఎన్నింటికి, గుడ్డుతోనా లేకుండానా అని అన్నీ రాసుకుని, తిరిగి మనకే ఒకసారి చదివి వినిపించి గానీ పెట్టరు.